పట్టికలో పాతపట్నం వరుస

1968 జూన్‌లో నన్ను శ్రీకాకుళంలో ఒక వరి ప్రదర్శన పథకానికి గణాంక సహాయకుడిగా వేశారు. గణాంక సహాయకుడంటే హోదాలో గుమాస్తాకి పైన, ఆఫీసరుకి కింద. కుర్చీకి చేతులుంటాయి, మెత్త ఉండదు. ఆఫీసరుకి కోపమొస్తే గుమాస్తా మీద అరవడు, ఎందుకంటే గుమాస్తా ఎదురు మాట్లాడతాడు. గణాంక సహాయకుడి దగ్గర అంకెలు తప్ప వేరే ఆయుధం ఉండదని అందరికీ తెలుసు.

పథకం పని చిన్నదే. అప్పుడే కొత్తగా వచ్చిన పొట్టి వరిని రైతుల పొలాల్లోనే వేయించి, పండించి చూపించాలి. అందుకు మూడు కేంద్రాలు పెట్టారు: నరసన్నపేట, విజయనగరం, పాతపట్నం. విజయనగరం అప్పటికింకా జిల్లా కాలేదు, విశాఖ జిల్లాలో ఉండేది, అయినా పథకం మాత్రం ఒకటే. ఒక్కో కేంద్రానికి ఒక్కో ఫీల్డ్ అసిస్టెంటు. రైతుల్ని బతిమాలి కొత్త విత్తనం వేయించడం, ఎరువు ఎప్పుడెంత వేశారో, ఎన్ని తడులు పెట్టారో రాసుకోవడం, కోతలప్పుడు దగ్గరుండి నూర్పించి దిగుబడి కొలిపించడం అతని పని. ఆ వివరాలన్నీ కాగితాల మీద మా ఆఫీసుకి చేరేవి. నేను చేరేసరికి అంతకు ముందు ఏడాది కోతల కాగితాలు బల్ల మీద నాకోసం ఎదురుచూస్తున్నాయి.

ప్రాజెక్టు ఆఫీసరు జగన్నాథరావు గారు మంచివారు. పొలం మీద ప్రేమా, కాగితం మీద భయమూ ఉన్న మనిషి. నన్ను పిలిచి, ఎకరా దిగుబడిలో ఎరువు వాటా ఎంత, నీళ్ల వాటా ఎంత, కేంద్రం వాటా ఎంత, విడివిడిగా తేల్చమన్నారు. తేల్చే పద్ధతి ఉంది. దాన్ని పుస్తకాల్లో ప్రతిగమనం అంటారు, ఆఫీసులో అందరం రిగ్రెషన్ అనేవాళ్లం. దిగుబడి కొన్ని కారణాల మీద ఆధారపడుతుందనుకుని, ఒక్కో కారణానికీ ఒక గుణకం కడతాం. మిగతావి కదలకుండా ఉంటే ఈ ఒక్కటి ఒక మెట్టు మారితే దిగుబడి ఎంత మారుతుందో ఆ గుణకం చెబుతుంది. అంతకు మించి ఏమీ చెప్పదు. ఆ "అంతకు మించి ఏమీ చెప్పదు" అన్న మాట మీదే ఈ కథంతా నడిచింది.

ఎరువుతో పేచీ లేదు. ఒక బస్తా, రెండు బస్తాలు అని లెక్క కుదురుతుంది. కేంద్రంతోనే పేచీ. పాతపట్నాన్ని రెండుతో గుణించలేం, నరసన్నపేటలో సగం తీసుకోలేం. కాబట్టి ఊరికో గడి పెట్టి, ఆ ఊరి పొలమైతే ఒకటి, కాకపోతే సున్నా వేస్తాం. ఆ గడిని డమ్మీ అంటారు. ఇది విని మా సూపరింటెండెంటు కామేశం గారు, మన కేంద్రాల్ని డమ్మీలంటావా, పైవాళ్లు వింటే ఏమనుకుంటారని రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు.

మూడు కేంద్రాలకి మూడు గళ్లు పెట్టకూడదు, రెండే పెట్టాలి. మూడూ పెడితే సమీకరణాలు ఒకదాన్నొకటి మళ్లీ చెప్పుకుంటాయి, ఆఖరికి సున్నాతో భాగించాల్సి వస్తుంది. మాకున్నది పిడి పట్టుకుని తిప్పే లెక్కల మిషను. సున్నాతో భాగించమంటే అది కాదనదు. తిప్పినంతసేపూ తిరుగుతుంది. నాకంటే ముందున్నాయన ఆ పిడి అలా తిప్పీ తిప్పీ సెలవు మీద వెళ్లిపోయాడని ఆఫీసులో అనుకునేవారు. అందుకే ఒక కేంద్రాన్ని గడి లేకుండా వదిలేస్తాం. దాన్ని ఆధారం అంటాం. ఆధార కేంద్రం ఎక్కడికీ పోదు. లెక్క మొదట్లో ఉండే స్థిరాంకంలో కూర్చుంటుంది. మిగతా రెండు కేంద్రాల గుణకాలు దానికంటే ఎంత ఎక్కువో ఎంత తక్కువో చెబుతాయి.

నేను నరసన్నపేటని ఆధారంగా పెట్టాను. వారం పాటు మిషను తిప్పాక వచ్చిన అంకెలు గుర్తున్నంత వరకు గుండ్రంగా చెబుతాను: విజయనగరానికి మైనస్ ఒకటి, పాతపట్నానికి మైనస్ మూడు. అంటే ఎరువూ తడులూ సమానంగా ఉన్న రెండు పొలాలు తీసుకుంటే, పాతపట్నం పొలంలో నరసన్నపేట పొలంకంటే ఎకరాకి మూడు బస్తాలు తక్కువ పండుతుంది. నరసన్నపేటకి వంశధార కాలవలున్నాయి, నల్లరేగడుంది. పాతపట్నానిది కొండకింద ఎర్రనేల, వాన నమ్ముకున్న వ్యవసాయం. మూడు బస్తాలు తక్కువ రావడంలో వింతేమీ లేదు. మూడే తక్కువ రావడం వింత.

జగన్నాథరావు గారు పట్టిక చూసి కళ్లజోడు తీసేశారు.

"ఏమయ్యా మూర్తీ, కేంద్రం పెట్టడం వల్ల ఎకరాకి మూడు బస్తాలు నష్టమా?"

కేంద్రం పెట్టడం వల్ల కాదనీ, నరసన్నపేటతో పోలిస్తే అనీ చెప్పాను. ఆయన తల ఊపారు. ఆ ఊపడం అర్థమై కాదు, జాలిపడి. సర్కారు కాగితంలో మైనస్ గుర్తు ఉంటే అది సంజాయిషీ అడగకుండా ఉండదని, తన పాతికేళ్ల సర్వీసులో ప్లస్ గుర్తుకి ఎవరూ మెమో ఇవ్వలేదని చెప్పారు. ఏ కేంద్రానికీ మైనస్ రాకుండా మళ్లీ చెయ్యమన్నారు.

అది కష్టం కాదు. అన్నిటికంటే తక్కువున్న పాతపట్నాన్ని ఆధారం చేస్తే సరి. అప్పుడు నరసన్నపేటకి ప్లస్ మూడు, విజయనగరానికి ప్లస్ రెండు. పైన స్థిరాంకం మూడు తగ్గుతుంది. ఎరువూ తడులూ ఉన్నవున్నట్టే ఉంటాయి. ఊళ్ల మధ్య తేడాలు మారవు, ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదే మారుతుంది. ఇదంతా కాగితం ముక్క మీద తీసివేతే, మిషనక్కర్లేదని చెప్పి అక్కడికక్కడే చేసి చూపించాను. ఆయన ఒప్పుకోలేదు. తీసివేతతో వచ్చిన అంకె కింద సంతకం పెట్టలేనన్నారు. మిషను మీద వచ్చిందయితేనే పెడతారట. ఇంకో వారం తిప్పాను. ప్లస్ మూడు, ప్లస్ రెండు వచ్చాయి. చూశావా, మిషను మీద చేస్తే ఎంత శుభ్రంగా వచ్చిందో అన్నారు.

కొత్త పట్టికలో పాతపట్నం వరుస లేదు. ఆధారానికి వరుస ఉండదు. అందుకని కింద ఒక పాదసూచిక రాశాను: "పాతపట్నం ఆధార కేంద్రం, పై రెండు గుణకాలు దానితో పోల్చినవి." కామేశం గారు సైక్లోస్టైలు కాపీల కోసం స్టెన్సిలు కోయిస్తూ, కాగితం చాలక ఆ వాక్యం తీసేశారు. అడిగితే, కింద రాసేవి ఎవరూ చదవరయ్యా అన్నారు. ఆ మాట నిజమే కాబట్టి నేను వాదించలేకపోయాను. పట్టిక హెడ్డాఫీసుకి వెళ్లిపోయింది.

పట్టిక వెళ్లిన కబురు కేంద్రాలకీ పాకింది. నరసన్నపేట అసిస్టెంటు పర్మనెంటు మనిషి, సీనియరు. తనకి ప్లస్ మూడు వచ్చిందని కనిపించినవాళ్లందరికీ కాఫీ ఇప్పించాడు. మూడు బస్తాలు తానే మోసుకొచ్చి పొలంలో పోసినట్టు మాట్లాడాడు. అంతలో హెడ్డాఫీసు నించి జవాబొచ్చింది. నరసన్నపేట, విజయనగరం కేంద్రాలు ఫలితాలు చూపాయి, సంతోషం. పాతపట్నం నించి ఏ ఫలితమూ కనబడటం లేదు. ఆ కేంద్రాన్ని వచ్చే మార్చితో ఎత్తివేయాలని ప్రతిపాదన. డిసెంబరులో కోతలప్పుడు డిప్యూటీ డైరెక్టరు గారు స్వయంగా వచ్చి చూస్తారు.

పాతపట్నం అసిస్టెంటు పేరు సింహాచలం. భావనపాడు వైపు సముద్రపొడ్డు పల్లె వాళ్లది. తండ్రీ తాతా వేటకెళ్లినవాళ్లు. ఆ ఇంట్లో ఎస్సెల్సీ పాసైనవాడూ, సర్కారు కొలువులో చేరినవాడూ ఇతనే మొదలు. టెంపరరీ పోస్టు, ఏడాదికోసారి పొడిగించాలి. కేంద్రం పోతే పోస్టూ పోతుంది. పాతపట్నం రైతులు మొదట్లో అతన్ని "సముద్రంబాబు" అని ఎగతాళి చేసేవారు. వలలు లాగేవాడికి నారుమడి సంగతేం తెలుసని. అతను చెప్పులు విడిచి వాళ్లతోపాటు బురదలో దమ్ములోకి దిగి, వాళ్లకంటే ముందు ఒడ్డెక్కకుండా ఉండి, ఒక్కొక్కరినీ ఒప్పించాడు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

జవాబు సంగతి తెలిసి సింహాచలం బస్సెక్కి శ్రీకాకుళం వచ్చాడు. జగన్నాథరావు గారి గదిలోకి వెళ్లే ధైర్యం లేక నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

"నా పేరు పట్టీలో నేదంట గదా మూర్తిబాబూ?"

"పేర్లుండవయ్యా. ఊళ్లే ఉంటాయి," అన్నాను.

"మరి మా ఊరు నేదంట గదా. ముందేమో మైనసన్నారు. ఇప్పుడసలు నేదన్నారు. రెండిట్లో ఏది మంచిది బాబూ?"

నవ్వొచ్చే ప్రశ్నే, కానీ అతను నవ్వించడానికి అడగలేదు. కూర్చోబెట్టి కాగితం మీద గీసి చెప్పాను. పాతపట్నం లేకపోవడం కాదు, పాతపట్నం మీద నిలబెట్టి మిగతా రెంటినీ కొలిచాం, అందుకే దానికి వరుస లేదని. అతను కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు.

"అంటే మా బుజాలెక్కి ఆళ్లెంత ఎత్తున్నారో సూసుకున్నారన్నమాట."

ఇరవై ఏళ్ల తర్వాత నేను శిక్షణ తరగతుల్లో కుర్రాళ్లకి పాఠం చెప్పినప్పుడు ఇంతకంటే బాగా చెప్పలేకపోయాను.

"పోస్టు పోతే ఏం చేస్తావు?" అని అడిగాను. అడగవలసిన మాట కాదు.

"ఏటి సేత్తాను బాబూ. వేటకెల్లడం నాకు సేతకాదు. సిన్నప్పుట్నించీ సదువని అయ్య నన్ను పడవెక్కనివ్వనేదు. ఇప్పుడెనక్కెల్లి ఆ ఒడ్డు మీద నిలబడితే ఆడికి అక్కరకు రాను, ఈడికి అక్కరకు రాను. మా అయ్య మొకం సూడ్డానికి నాకు సిగ్గు బాబూ, అది సాలు."

అంతసేపూ చేతిలో ఉన్న గుడ్డసంచీని మెలిపెడుతూనే ఉన్నాడు. అతన్ని అక్కడే కూర్చోమని లేచాను. పట్టిక సవరించి పంపుదామని జగన్నాథరావు గారికి చెప్పాను. వెళ్లిన పట్టికని సవరించడమంటే తప్పు ఒప్పుకోవడమని, తప్పు లేనప్పుడు ఎందుకు ఒప్పుకోవాలని ఆయనన్నారు. పట్టికలో తప్పు లేదన్నది నిజమే. డి.డి. గారు ఎలాగూ వస్తున్నారు, నోటితో చెప్పుకో అన్నారు. నోటిమాటకి ఫైలు నంబరుండదని ఆయన ధైర్యం.

డిసెంబరులో డి.డి. గారు వచ్చారు. హైదరాబాదు నించి జీపులో దిగిన సన్నటి మనిషి. తక్కువ మాట్లాడతారు. జగన్నాథరావు గారు నరసన్నపేటలో భోజనాలూ, కాలవగట్టున కుర్చీలూ ఏర్పాటు చేశారు. డి.డి. గారు ముందు పాతపట్నం చూస్తానన్నారు. మూసేసేదాన్ని ముందు చూడాలట. ఆయనా జగన్నాథరావు గారూ జీపులో వెళ్లారు. జీపులో చోటు లేక నేను నౌపడ దాకా పెద్దరైల్లో వెళ్లి, అక్కడ సన్నపట్టాల చిన్నరైలెక్కాను. ఆ బండి పొలాల మధ్య ఎంత తాపీగా వెళ్లేదంటే, పట్టాల పక్కన నడిచేవాళ్లు లోపలున్నవాళ్లతో కబుర్లు పూర్తిచేసుకునేవారు. నేను చేరేసరికి జీపు ఇంకా రాలేదు. కొండదారిలో పోలీసులు రెండుచోట్ల ఆపారని తర్వాత తెలిసింది. కొండల్లో గిరిజన పోరాటం రాజుకున్న ఆ రోజుల్లో అటు వైపు అది మామూలే.

గౌరునాయుడు అనే రైతు కళ్లంలో నూర్పు అయిపోయి రెండు రాశులు పోసి ఉన్నాయి. ఒకటి సింహాచలం వేయించిన పొట్టి వరి. రెండోది గట్టుకి అవతల అంతే కొలత మడిలో నాయుడు తన మొండితనం కొద్దీ వేసుకున్న పాత పొడుగు వరి. రెండు మళ్లూ ఒక మనిషివే, ఒక నేలే, ఒక వానే. ఎరువు కూడా సమానంగానే వేశానని నాయుడు చెప్పాడు, సింహాచలం అవునన్నాడు.

అందరూ చేరాక నాయుడు తలగుడ్డ సర్దుకుని, తూర్పుకి తిరిగి, రాశికి దండం పెట్టి కుంచం ముంచాడు.

"లాభం," అని గోనెలో పోశాడు. తర్వాత "రెండు." తర్వాత "మూడు."

డి.డి. గారు చెయ్యెత్తారు. "ఆగవయ్యా. ఒకటి ఏది?"

కళ్లంలో ఉన్నవాళ్లందరూ ఆయనకేసి తిరిగారు. కొలత మధ్యలో మాటాడకూడదు, మాటాడితే రాశి తగ్గుతుందని మా ప్రాంతంలో నమ్మకం. నాయుడి మొహం చూస్తే ఆ కుంచం డి.డి. గారి నెత్తి మీద బోర్లిస్తాడేమో అనిపించింది. సింహాచలం అయితే కళ్లు మూసేసుకున్నాడు. నేలతో ఎలా బతకాలో నేర్చుకున్నాడు గానీ, నాయుడి నోటితో ఎలా బతకాలో ఇంకా నేర్చుకోలేదు.

"కొలత కాడ అడ్డు రాకండి బాబూ. లాభమంటే ఒకటే. మొదటి కుంచాన్ని ఒకటనం. లాభమంటాం," అన్నాడు నాయుడు పళ్ల బిగువున.

"ఒకటని లెక్కపెట్టరా?"

"లెక్కపెట్టకేటి బాబూ! అది నేకపోతే రెండెక్కడ్నించొస్తాది?"

జగన్నాథరావు గారు నవ్వబోయి, డి.డి. గారు నవ్వలేదని చూసి దగ్గారు. డి.డి. గారు పట్టణంలో పెరిగినాయన. కళ్లంలో కొలత చూడటం అదే మొదలట. కొలవమని సైగ చేసి, నా పక్కకొచ్చి నిలబడ్డారు. ఇంతకంటే మంచి అదను దొరకదనిపించి చిన్న గొంతుతో చెప్పేశాను. తమరికి పంపిన పట్టికలో పాతపట్నం కూడా ఇలాగే, మొదటి కుంచం లాంటిది, దాని మీదే మిగతావి లెక్కపెట్టాం, వరుస లేదు గానీ లెక్కలో ఉంది అని. పాదసూచిక సంగతీ చెప్పాను. స్టెన్సిలు సంగతి చెప్పలేదు.

ఆయన వెంటనే గ్రహించారు. తర్వాత ఆయనడిగిన ప్రశ్న నేను ఎదురుచూడనిది.

"సరే. పాతపట్నం లేకపోలేదు. నరసన్నపేటకంటే మూడు తక్కువ, అంతేగా? కేంద్రం ఉంచాలో తియ్యాలో తేల్చడానికి ఆ మూడు నాకెందుకు పనికొస్తుంది? కేంద్రం ఉండటం వల్ల ఏమొరిగిందో మీ పట్టిక చెబుతుందా?"

చెప్పదు. మొదటి పట్టికా చెప్పదు, రెండోదీ చెప్పదు. పాతపట్నాన్ని నరసన్నపేటతో పోల్చినంతకాలం మేము కొలిచింది కాలవనీ కొండనీ, కేంద్రాన్ని కాదు. ఆధారం ఇంకో ఊరు కాకూడదు. ఆ ఊళ్లోనే, ఆ నేల మీదే, కొత్త విత్తనం వేయని పొలం కావాలి. ఆ సంగతి ఒప్పుకున్నాను. ఒప్పుకుంటుండగానే నాయుడు మొదటి రాశి ముగించి, రెండో రాశి దగ్గరికి వెళ్లి మళ్లీ తూర్పుకి తిరిగాడు. డి.డి. గారు ఈసారి నోరెత్తలేదు. "లాభం" అనగానే వేలు ముడిచారు.

పాత వరి రాశి తొందరగా అయిపోయింది. ఎరువు వేసిన చోట పొడుగు వరి ఏపుగా పెరిగి గాలికి పడిపోతుంది. పొట్టిది నిలబడుతుంది. కొలత అయ్యాక సింహాచలం రెండు రాశుల తేడా ఎకరా లెక్కకి మార్చి చెప్పాడు. రెండు బస్తాలకి పైనే. నాయుడు గోనెలకేసి చూసి, "ఒరే సముద్రంబాబూ, వచ్చే ఏడు ఆ మడి కూడా నీ ఇత్తనమే ఏత్తాన్లే," అన్నాడు. సింహాచలం మొహం ఒక్కసారి విచ్చుకుంది. అంత సంతోషం నేను ఆ ఆఫీసులో ఎప్పుడూ చూడలేదు. ప్రమోషన్లు వచ్చినవాళ్ల మొహాల్లో కూడా చూడలేదు.

డి.డి. గారు మూడు కేంద్రాల్లోనూ ఇలాగే గట్టుకటూ ఇటూ కొలిపించి కాగితాలు పంపమని ఆర్డరేసి వెళ్లారు. జనవరికి కాగితాలొచ్చాయి. ఈసారి ప్రతి ఊళ్లోనూ పాత వరి మడే ఆధారం. మిషను మళ్లీ తిరిగింది. పాతపట్నంలో కొత్త విత్తనం వల్ల ఎకరాకి రెండున్నర బస్తాలు ఎక్కువ. విజయనగరంలో రెండు. నరసన్నపేటలో అర బస్తా. అక్కడ కాలవ నీళ్లు మడిలో నిలిచిపోయి పొట్టి నారు మునిగేది, పైగా అక్కడి రైతులు పాత వరితోనే బాగా పండించుకుంటున్నారు. ప్లస్ మూడు అని కాఫీలు ఇప్పించిన కేంద్రం, పోల్చే చోటు మారగానే ఆఖరి స్థానానికి దిగింది. నేను పట్టిక కింద కాదు, పట్టికలోనే పైవరుసగా "పాత వరి, ఆధారం" అని రాశాను. స్టెన్సిలు కోస్తుంటే అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఫిబ్రవరి ఆఖర్లో ఆర్డరొచ్చింది. పాతపట్నం కేంద్రం కొనసాగుతుంది. ప్రయోజనం తక్కువగా ఉన్నందున నరసన్నపేట కేంద్రాన్ని మార్చితో ఎత్తివేస్తున్నాం. చదివి కుర్చీలోంచి లేచాను. రెండో పేరా ఉందని కామేశం గారు గుర్తుచేస్తే మళ్లీ కూర్చున్నాను. ఎత్తివేసిన కేంద్రంలోని పర్మనెంటు సిబ్బందిని మిగిలిన కేంద్రాల్లో సర్దుబాటు చేయాలి. అందుకు చోటు చాలకపోతే చివర చేరిన టెంపరరీ ఉద్యోగిని ముందు తొలగించాలి. మూడు కేంద్రాల్లోనూ టెంపరరీ ఉద్యోగి ఒక్కడే. చివర చేరినవాడూ అతనే.

నరసన్నపేట సీనియరుని పాతపట్నం వేశారు. సింహాచలాన్ని తీసేశారు.

నేను జగన్నాథరావు గారి గదిలోకి వెళ్లాను. గొంతు పెంచి మాట్లాడాననే గుర్తు. ఆ రెండున్నర బస్తాలు ఎలా వచ్చాయి, దమ్ములోకి దిగింది ఎవరు, నాయుడి లాంటి మొండివాణ్ని ఒప్పించింది ఎవరు, ఈ కాఫీ మనిషి బూట్లు విప్పుతాడా అని అడిగాను. ఆయన కోప్పడలేదు. పట్టిక నా వైపు తిప్పి పెట్టారు.

"ఆ సంగతి ఇందులో ఎక్కడుందో చూపించు."

లేదు. పాతపట్నం అని ఉంది. ఆ మాటలో ఎర్రనేల ఉంది, ఆ ఏటి వాన ఉంది, గౌరునాయుడి లాంటి రైతులున్నారు, సింహాచలమూ ఉన్నాడు. అందరినీ కలిపి ఒక గడిలో ఒకటి వేశాను. ఎవరి వాటా ఎంతో విడదీయాలంటే అదే మనిషిని మరో ఊళ్లో, మరో మనిషిని అదే ఊళ్లో పెట్టి చూడాలి. సర్కారు ఆ పని బదిలీల పేరుతో ఏటా చేస్తూనే ఉంటుంది. కొలవదు, అంతే. "పాతపట్నం అంకె బాగుందన్నావు, పాతపట్నాన్ని ఉంచాం కదయ్యా," అన్నారు జగన్నాథరావు గారు. ఆయన గొంతులోనూ బాధే ఉంది. పొడిగింపు కోసం ఆయన విడిగా ఒక ఉత్తరం రాశారు. దానికి జవాబు రాలేదు.

మార్చి ఆఖర్లో సింహాచలం సామాను అప్పగించడానికి వచ్చాడు. కొలత గొలుసు, త్రాసు, సంచులు. కామేశం గారు ఒక్కొక్కటీ చూసుకుని బాకీ లేదన్న కాగితం ఇచ్చారు. తర్వాత అతను నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఈసారి మా ఊరు పట్టీలో ఉన్నాది గదా బాబూ?"

"ఉంది. మూడు ఊళ్లలోనూ పైన."

"సూపించండి ఓపాలి."

చూపించాను. పాతపట్నం అన్న మాట మీద వేలు పెట్టి, పక్కనున్న అంకె దాకా జరిపాడు. "బాగుంది బాబూ," అన్నాడు. "ఎల్లొత్తాను," అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతను మళ్లీ రాలేదు. టెక్కలి వైపు ఒక బియ్యం మిల్లులో తూకాల దగ్గర కుదిరాడని కొన్నాళ్లకి విన్నాను. అది నిజమో కాదో కనుక్కోలేదు. కనుక్కోవాల్సింది.

తర్వాతి డిసెంబరులో కొలతలకి పాతపట్నం వెళ్లాను. గౌరునాయుడు రెండు మళ్లలోనూ కొత్త విత్తనమే వేశాడు. పోల్చడానికి పాత వరి మడి లేకుండా పోయిందని కొత్త అసిస్టెంటు గట్టు మీద గొడుగు కింద నిలబడి విసుక్కుంటున్నాడు. నాయుడు అతనికేసి చూడకుండా నన్నడిగాడు: "మా సముద్రంబాబేడి బాబూ? ఆ మడి కూడా ఏత్తానని మాటిచ్చినాను. ఏసినాను. సూడ్డానికి రాడేటి?"

తీసేశారని చెప్పాను. ఎందుకన్నాడు. కేంద్రం బాగా పనిచేసిందని, అందుకే ఉంచారని చెప్పాను. అతను తూర్పుకి తిరిగి కుంచం ముంచాడు. ఆ ఏడు పాతపట్నం దిగుబడి తగ్గింది. వానలు తక్కువ. మనిషి మారడం వల్లా అని డి.డి. గారు ఉత్తరం రాశారు. చెప్పలేమని జవాబు రాశాను.

ఆ పథకంలో నేను నేర్చుకున్నవి రెండు. ఏ గుణకం చూసినా ముందు దేనికంటే అని అడగాలి, ఆ దేనినో పట్టికలో కనబడేలా రాయాలి. ఈ మొదటిది నేను ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అందరికీ చెప్పాను, చాలామంది నేర్చుకున్నారు. రెండోది, ఊరి పేరున్న గడిలో ఉండేది ఊరే. గుణకం ఎంత మంచిదైనా ఆ ఊరికే చెందుతుంది. అందులో పనిచేసిన మనిషికి విడిగా ఒక గడి పెట్టకపోతే, లెక్క ఎంత సరిగ్గా చేసినా అతను అందులో ఉండడు.